వాకిలి వైపు సున్నపు గీత

తోటల శాఖలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మేస్త్రీ సున్నం వదిన అంటాడు. అందరూ బాబాయ్ అని పిలిచే క్రేన్ డ్రైవరూ అదే అంటాడు. ఆఖరికి ఆఫీసులో సంతకాలు పెట్టే పెద్దసారు కూడా ఫోన్‌లో "ఆ సున్నం వదినని పంపించండి" అంటాడు. ఆయన ఆవిడకంటే ఎంతో పెద్దవాడు. ఏ వరసన వదినైందో ఆయనకే తెలియాలి.

పేరు ఊరికే రాలేదు. రోడ్ల పక్క చెట్ల మొదళ్ళకి సున్నం కొట్టడంతో మొదలైంది ఆవిడ ఉద్యోగం. తర్వాత నగరానికి ఓ కొత్త బుద్ధి పుట్టింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అడ్డొచ్చిన చెట్లని నరికి పారేయకుండా, వేళ్ళూ మట్టీ చెదరకుండా లేపి, ఖాళీగా ఉన్న చోట తిరిగి నాటాలని. వేసవి వస్తే తారు కరిగి చెప్పులకి అంటుకునే ఊరది. నీడ కోసం బస్టాపు స్తంభం వెనకాల మనుషులు వరసగా నిలబడతారు, ఒకళ్ళ నీడలో ఒకళ్ళు. అలాంటి ఊరికి ఈ బుద్ధి పుట్టడమే గొప్ప. చెట్లు లేపే జట్టులో మేస్త్రీ, బాబాయ్, తవ్వేవాళ్ళు, వాళ్ళతోపాటు సున్నం బకెట్టు పట్టుకుని మన వదిన.

ఆవిడ పని చూడ్డానికి చాలా చిన్నది. చెట్టుని కదిపేముందు మొదలు మీద ఉత్తరం వైపు నిలువుగా ఒక తెల్ల గీత గీయాలి. అంతే. కొత్త చోట నాటేటప్పుడు ఆ గీత మళ్ళీ ఉత్తరానికే ఉండాలి. లేకపోతే ఎప్పుడూ ఎండ తెలియని బెరడు మీద ఎండపడి పగుళ్ళిస్తుంది. మేస్త్రీ కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేవాడు, "మనుషులంటే ఎటు గాలి వీస్తే అటు తిరుగుతారు. చెట్టు అలా కాదు, అది మాటమీద నిలబడే రకం."

ఆ గీత గీయడంలో వదిన చెయ్యి ఒకే ఒక్కసారి తప్పింది. సొంత వీధిలో.

పెళ్ళైన దగ్గర్నించీ ఆవిడ ఉన్న వీధి అది. ఒకవైపు ఇళ్ళు, ఇంకోవైపు ఎత్తైన గోడ, ఇంటింటి ముందూ ఓ చెట్టు. వీళ్ళ వాకిట్లో నిద్రగన్నేరు. వదినకి తల్లి లేదు, పిన్ని పెంచింది. అత్తారింటికి వచ్చిన కొత్తలో అత్తాకోడళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. "అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు, ఆ అదృష్టం నీకెక్కడిది" అని అత్తే దెప్పేది. తర్వాత ఓ ఎండాకాలం వదినకి కడుపు పోయింది. అత్త ఒక్క మాట అనలేదు. మంచం ఈడ్చుకెళ్ళి నిద్రగన్నేరు కింద వేసి, కోడల్ని పడుకోబెట్టి, ఎండలు తగ్గేదాకా తను కింద చాప మీదే ఉంది. ఆ తర్వాత పిల్లలు కలగలేదు. వదినకి తల్లీ పిల్లా అన్నీ అత్తే.

ఆ వీధిని రోడ్డు మింగేసింది. ఇళ్ళు ముందు పోయాయి, చెట్ల వంతు తర్వాత వచ్చింది. వదిన బకెట్టు పట్టుకుని ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్ళి గీత గీసింది. పడిపోయిన ఇళ్ళ వైపు. ఆ వీధిలో ఎవరైనా ఉత్తరం ఎటు అని ఆలోచించారా అసలు? చెట్టుకి మొహం అంటే వాకిలి వైపే. ఆవిడ చెయ్యి అలవాటుగా అటే పోయింది.

ఊరి చివర చెత్త పోసే మైదానాన్ని చదును చేసి పార్కు చేస్తున్నారు. అక్కడికి లారీలు వీధి వరసలోనే వచ్చాయి. "ఎడం ఎంత ఉంచమంటావు వదినా?" అని మేస్త్రీ అడిగితే ఆవిడ నడిచి చూపించింది. గీతలన్నీ ఉత్తరానికి పెట్టి నాటారు. వాకిళ్ళ వైపు ఉండాల్సిన మొహాలు ఇప్పుడు ఉత్తరం వైపు, ఏమీ లేని గడ్డి నేలకేసి చూస్తున్నాయి. ఎవరూ గమనించలేదు, ఆవిడా గమనించలేదు.

రెండు వానాకాలాలు గడిచాక చెట్లు కమ్ముకున్నాయి. ఎంత బాగుందో పార్కు. గేటు దాటితే చాలు, ఒంటి మీద తడిగుడ్డ వేసినట్టు ఉండేది. అపార్టుమెంట్లలో ఉడికిపోయే జనం పొద్దున్నా సాయంత్రం అక్కడే. ఎన్నాళ్ళుగానో కనపడని పిట్టలు కూడా వచ్చాయి.

అత్త మాత్రం కొత్త ఫ్లాటులో కుదురుకోలేదు. మతిమరుపు ముదిరింది. లిఫ్టు ఎక్కమంటే ససేమిరా అనేది. వదిన మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్.

"నేనే చూశానమ్మా దాన్ని, ఏం కాదు, ఎక్కు."

"నువ్వు చూశావు కాబట్టే ఎక్కను. చిన్నప్పుడు నా కుట్టుమిషను బాగుచేస్తానని ఏం చేశావో నాకు గుర్తుంది."

కుట్టుమిషను గుర్తుంది కానీ, ఈ ఇల్లు ఎవరిదో గుర్తులేదు. రోజూ సాయంత్రం సంచీ సర్దుకుని "ఇంక ఇంటికెళ్దాం" అనేది. అన్నం సగం వదిలేసేది. ఇలా లాభం లేదని వదిన ఆవిడ్ని తనతో పార్కుకి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. తను నీళ్ళు పెడుతుంటే ఆవిడ బెంచీ మీద కూర్చుంటుంది, కాస్త గాలి తగులుతుంది కదా అని.

మొదటి రోజే అత్త బెంచీ మీద కూర్చోలేదు. చెట్ల వరస వెంట నడిచింది. "ఇది టైలరు వాళ్ళది. ఇది పాలబూత్ వాళ్ళది. వీళ్ళు ఇవాళ వాకిలి ఊడవనేలేదు" అంది. వదిన పైపు పట్టుకుని నవ్వుతూ వెనకే వెళ్ళింది. నిద్రగన్నేరు దగ్గర అత్త చెప్పులు విప్పింది. చెట్టు పక్కనించి, ఏమీ లేని గడ్డి మీదికి, కాలు ఎత్తి దాటి వెళ్ళింది. పాత ఇంటి గడప ఎత్తుగా ఉండేది. సరిగ్గా అంత ఎత్తు లేపింది కాలు.

వదిన నవ్వు ఆగిపోయింది. వరస మొత్తం ఓసారి చూసింది. గీతలు చూసింది. అన్నీ వాకిలి వైపు గీసినవే.

మేస్త్రీకి చెప్తే తలకాయ కొట్టుకున్నాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఉత్తరమెటో మర్చిపోయావా? సరేలే, బతికాయి కదా. పెద్దసారుకి చెప్పకు, ఆయనకి దిక్కులు తెలియవు."

అప్పటినించీ వదిన కళ్ళు వేరేగా చూడ్డం మొదలుపెట్టాయి. పార్కులో ఎక్కడ పడితే అక్కడ జనం కూర్చునేవాళ్ళు. చెట్ల వరసకి ఉత్తరాన మాత్రం ఎవరూ కూర్చోరు. బోర్డేమీ లేదు, కంచె లేదు. నడిచేవాళ్ళు అక్కడిదాకా వచ్చి పక్కకి తిరిగి, కొంచెం వెళ్ళి మళ్ళీ మలుపు తిరుగుతారు. వాళ్ళ కాళ్ళకింద గడ్డి అరిగిపోయి దారులు పడ్డాయి. ఆ దారుల మధ్య గడ్డి మోకాలెత్తున, నలుపలకల ముక్కలుగా మిగిలింది. ఇంటి పక్కన ఇల్లు, ఇంటి పక్కన ఇల్లు. మధ్యలో సందుతో సహా.

రోజూ నడిచే ఓ టీచరమ్మని ఆపి అడిగింది వదిన. ఆవిడ ఈ ఊరికి వచ్చి ఏడాదే అయింది, పాత వీధిని చూసిందే లేదు.

"ఇక్కడ ఎందుకండీ తిరుగుతారు? సూటిగా వెళ్ళచ్చుగా?"

టీచరమ్మ వెనక్కి చూసింది. "నేను తిరుగుతున్నానా?" కాసేపు ఆలోచించింది. "ఏమోనండీ. మొహానికి ఏదో తగులుతుందేమో అనిపిస్తుంది."

"ఏం తగులుతుంది?"

"ఏముంది అక్కడ తగలడానికి, మీరు మరీను" అని నవ్వేసింది టీచరమ్మ. నవ్వుతూనే పక్కకి తిరిగి, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది.

ఇంట్లో మాత్రం సంతోషంగా ఉంది. అత్త కడుపునిండా తింటోంది. కొడుకుని పేరుపెట్టి పిలుస్తోంది, సంచీ సర్దడం మానేసింది. "పార్కు మందు బాగా పనిచేసింది, ఏ డాక్టరూ రాయలేదు ఇలాంటిది" అని వదిన మొగుడు మురిసిపోయాడు. వదిన మాత్రం ఏమంటుంది, తినని మనిషి తింటుంటే?

ఓ మధ్యాహ్నం అత్త రోజూ కూర్చునే ఆ గడ్డిలోంచి బయటికి వచ్చేసరికి తల దువ్వి జడ వేసి ఉంది. బిగించి, చివర ముడితో. అత్తకి చేతులు భుజాల పైకి లేవవు. ఏళ్ళయింది లేవక. రోజూ జడ వేసేది వదినే, పొద్దున వదులుగా వేసింది.

"ఎవరు వేశారు అత్తయ్యా?"

"మా అత్త" అంది ఆవిడ మామూలుగా. "గట్టిగా లాగుతుంది, నొప్పి. చెప్తే వినదు."

అత్తకి అత్త, వదిన పెళ్ళికి ముందే పోయింది. గోడమీద ఫోటోలో తప్ప వదిన చూడలేదు. ఆ జడని విప్పడానికి ఆ రాత్రి వదిన చేతులు రాలేదు. అలాగే ఉంచేసింది.

మర్నాడు బస్సులో అత్త కోడలి మోచెయ్యి గిల్లింది, పెళ్ళిలో గుసగుసలాడినట్టు. "అమ్మాయ్, నీకూ కంచం పెడుతున్నారు. రోజూ పెట్టడం, నువ్వు రాలేదని తీసెయ్యడం. వాళ్ళు మనసు కష్టపెట్టుకుంటున్నారు."

"వాళ్ళంటే ఎవరత్తయ్యా?"

"ఇంట్లోవాళ్ళు." ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

అక్కణ్ణించి లెక్క తిరగబడింది. అత్త అక్కడ ఎక్కువసేపు ఉండసాగింది. తిరిగి వచ్చేటప్పుడు ప్రతిసారీ మనిషి కాస్త కాస్త తక్కువగా వచ్చేది. ఒకరోజు మాట అక్కడే ఉండిపోయింది, సాయంత్రం దాకా పలకలేదు. ఇంకోరోజు చూపు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కొడుకు ఎదురుగా కూర్చుని "అమ్మా, నేనే" అంటున్నా అతని భుజం మీదుగా వెనక ఎవరినో చూస్తోంది. తిండి మళ్ళీ మానేసింది. బలవంతం చేస్తే, "ఇప్పుడేగా తిన్నాను" అంది.

ఓ మిట్టమధ్యాహ్నం ఎండ నిటారుగా ఉన్నప్పుడు వదిన ఆవిడ్ని పిలవడానికి వెళ్ళింది. అత్త గడ్డి మధ్యలో కూర్చుని ఉంది. పెదాలు కదులుతున్నాయి, చెయ్యి తిప్పుతూ ఏదో చెప్తోంది, నవ్వుతోంది. మాట వినపడలేదు. పది అడుగుల దూరం ఉండదు.

"అత్తయ్యా."

తిరగలేదు. గొంతు పెంచింది. గేటు దగ్గర జనం చూశారు కానీ అత్త చూడలేదు. లోపలికి వెళ్దామని వదిన కాలు ముందుకి వేయబోయింది. కాలు లేవలేదు. భయమూ కాదు, నొప్పీ కాదు. పరాయివాళ్ళ ఇంట్లోకి పిలవకుండా వెళ్ళబోతే కాలు తనంతట తనే ఆగుతుంది చూశారా, అలా ఆగింది. తల ఎత్తి చూస్తే నిద్రగన్నేరు ఆకులు ముడుచుకుని ఉన్నాయి. పొద్దుగూకాక ముడుచుకోవాల్సిన ఆకులు, నడినెత్తిన సూర్యుడుండగా.

చాలాసేపటికి అత్త లేచి వచ్చింది. "ఎవరో పిలిచినట్టయింది. ఎక్కడో దూరంగా."

ఆ రాత్రి అన్నాలయ్యాక మొగుడికి అంతా చెప్పింది వదిన. అతను నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"నిన్న అమ్మ నన్ను చూసి, ఈ అబ్బాయి ఎవరు, మనింటికి ఎందుకు వస్తున్నాడు అంది" అన్నాడు. "ఏదో ఒకటి చెయ్యి. నాకు మా అమ్మ కావాలి."

దారి చూపించింది చెట్టే. ఆ వారమే మేస్త్రీ పిలిచి నిద్రగన్నేరు మొదలు చూపించాడు. పడమటి వైపు బెరడు నిలువునా పగిలి లోపలి చెక్క కనపడుతోంది. పాత చోట ఉత్తరం వైపు ఉన్న బెరడది, ఎండ ఎరగనిది.

"నీ గీత మహత్యం. గోనెపట్టా చుట్టి తడుపుతూ ఉంటే మానుతుందిలే."

"తిప్పి నాటుదాం" అంది వదిన.

మేస్త్రీ ఆవిడ మొహంలోకి చూశాడు. "మొక్కై వంగనిది మానై తిరుగుతుందా? ఇప్పుడిప్పుడే వేళ్ళు పట్టింది. తిప్పితే బతకచ్చు, చావచ్చు. గోనె చాలు అంటుంటే."

"పావు మలుపే కదా మేస్త్రీ. నా తప్పు, నేను దిద్దుకుంటా. ఈ ఒక్క చెట్టూ తిప్పండి చాలు. నీళ్ళు నేను పెట్టుకుంటా, సెలవు కూడా తీసుకోను."

ఆవిడ ఏనాడూ ఏమీ అడిగిన మనిషి కాదు. సరే అన్నాడు.

మబ్బు పట్టిన రోజు చూసుకుని మొదలుపెట్టారు. వదిన జాగ్రత్త వదినది. అత్తని పార్కుకి తేలేదు. మొగుడు పని మానేసి తల్లి దగ్గర కూర్చున్నాడు. బయల్దేరేముందు వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని చూసుకుంది. వెచ్చగా ఉంది, మంచం మీదే ఉంది. చెట్టు మొహం తిప్పితే ఆ ఇంటి తలుపు మూసుకుపోతుంది, అత్తకి ఇంక పోయే చోటు ఉండదు, మెల్లగా మనకే మిగులుతుంది అనుకుంది.

చుట్టూ తవ్వి, మట్టిముద్దకి గోనె బిగించి, బాబాయ్ క్రేన్ పట్టీలు వేశాడు. చెట్టు లేచింది. లేవగానే గుప్పుమని వాసన, పచ్చిమట్టిది కాదు. పొయ్యి మీద అన్నం గంజి పొంగిన వాసన. తవ్వేవాళ్ళలో ఒకడు "ఎవరింట్లోరా వంట" అని చుట్టూ చూశాడు. బాబాయ్ ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం తీస్తూ ఉంటాడు, ఇప్పుడు రాగం ఆపి లీవరు పట్టుకున్నాడు. చెట్టు గాల్లో నెమ్మదిగా పావు మలుపు తిరిగింది. తెల్ల గీత ఉత్తరాన్నించి తూర్పుకి, పక్క చెట్టు వైపుకి జరిగింది. దించారు. మట్టి కప్పారు. నీళ్ళు పోశారు.

ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

అంతలో టీచరమ్మ నడుచుకుంటూ వచ్చింది. ఎప్పుడూ తిరిగే చోట తిరగలేదు. సూటిగా ఆ ఎత్తు గడ్డిలోంచి, అడ్డంగా, చెవిలో పాటలు పెట్టుకుని వెళ్ళిపోయింది. తనకి తెలియను కూడా తెలియలేదు. వదినకి గుండెల మీంచి బండ దించినట్టయింది. అక్కడే మట్టిలో చతికిలపడింది.

ఫోన్ మోగింది. మొగుడు.

"అమ్మ లేచి కూర్చుంది."

"నిన్ను గుర్తుపట్టిందా?"

"తలుపు ఎవరు మూశారు, తియ్యండి అంటోంది. అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. బాత్రూమువి కూడా తీశాను. మంచం మీదే కూర్చుని గాల్లో తడుముతోంది. గోడ తడుముతున్నట్టు."

వదినకి అప్పుడు తెలిసొచ్చింది. పొద్దున తను పట్టుకుని చూసుకున్నది ఒట్టి చెయ్యినే. మనిషి ఎప్పుడో కొంచెం కొంచెంగా అటు వెళ్ళిపోయింది, ఎక్కువ భాగం అక్కడే ఉంది. ఆ ఉన్నదాన్ని లోపల పెట్టి తనే తలుపు మూసింది.

మేస్త్రీ కాళ్ళా వేళ్ళా పడింది, వెనక్కి తిప్పమని. ఎందుకని మేస్త్రీ ఆవిడ్ని అడగలేదు, మొహం చూశాక అడగబుద్ధి కాలేదేమో. "ఇంకోసారి లేపితే చచ్చిపోతుంది వదినా. చచ్చిన చెట్టు ఎటు తిరిగి ఉంటే ఏంటి" అన్నాడు మెల్లగా.

చెట్టు చస్తే లోపలున్నవాళ్ళు ఏమవుతారో వదినకి తెలియదు. తెలుసుకునే ధైర్యమూ లేదు. అందుకని దాన్ని బతికించుకుంది. పగిలిన బెరడుకి గోనె చుట్టి పొద్దునా సాయంత్రం తడిపింది, వేళ్ళ మీద ఎండుటాకులు పరిచింది, వేసవిలో పైన నీడగుడ్డ కట్టించింది. చెట్టు నిలబడింది. కొత్త చిగురు కూడా వేసింది. ఆ పక్క గడ్డి మీద ఇప్పుడు పిల్లలు బంతాట ఆడుతున్నారు, జంటలు కూర్చుంటున్నాయి. పార్కు ఇంకా బాగుందని అందరూ అంటారు.

అత్త ఫ్లాటులోనే ఉంది. కొన్నాళ్ళు తడిమింది, పిలిచింది, తర్వాత ఊరుకుంది. కళ్ళు మూసుకునే మాట్లాడుతుంది. మాట గోడ అవతలినించి వచ్చినట్టు ఉంటుంది. కొడుకు మొదట్లో ఏడ్చేవాడు. ఇప్పుడు పని నుంచి రాగానే ఆ గది గుమ్మంలో కూర్చుని, ఆ రోజు ఏ లిఫ్టు ఎక్కడ ఆగిందో ఎవరు ఇరుక్కున్నారో చెప్తాడు. ఎప్పుడైనా నవ్వు వినిపిస్తుంది. చాలా ఆలస్యంగా, అతను ఇంకో సంగతిలోకి వెళ్ళాక.

మొన్నోరోజు వదిన కంచం పట్టుకుని మంచం పక్కన కూర్చుంది.

"లోపల చీకటిగా ఉందా అత్తయ్యా?"

జవాబు రావడానికి టైం పట్టింది. "చీకటేం కాదు. సాయంకాలంలా ఉంది. చల్లగా ఉంది."

"ఎవరున్నారు?"

"అందరూ ఉన్నారు. నువ్వే లేవు."

వదిన ముద్ద కలుపుతూ ఆగిపోయింది. ఆ ప్రశ్న తను అడుగుతుందని తనే అనుకోలేదు.

"నేను కూడా రానా?"

ఈసారి ఇంకా ఆలస్యమైంది. అత్త నుదురు ముడిపడింది. ఎవరితోనో సంప్రదిస్తున్నట్టు తల అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పింది.

"వద్దు. అందరం ఇటే వచ్చి కూర్చుంటే నా కొడుక్కి అన్నం ఎవరు పెడతారు? వాడికి టీ పెట్టుకోవడం కూడా రాదు. నువ్వు బయటే ఉండు, అమ్మాయ్."

"సరే అత్తయ్యా" అంది వదిన. ముద్ద ఆవిడ నోటి దగ్గర పెట్టింది. నోరు తెరుచుకుంది. మింగడానికి మాత్రం చాలాసేపు పట్టింది, ఆ ముద్ద ఎంతో దూరం వెళ్ళాల్సి ఉన్నట్టు.